ఇంగ్లండ్‌లో బావగారి హోటల్ మీద ఇల్లీగల్ వర్కింగ్ కేసు: హైకోర్టుకు వెళ్ళి ఆపించవచ్చా?

బావమరిది_మిడ్‌లాండ్స్

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదువుకుని పోవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మా బావగారు మిడ్‌లాండ్స్‌లో టిఫిన్ సెంటర్, టేక్‌అవే కలిపి నడుపుతున్నారు. ఒక శుక్రవారం సాయంత్రం మంచి రష్‌లో ఇమిగ్రేషన్ ఎన్‌ఫోర్స్‌మెంట్ (హోమ్ ఆఫీసు, అంటే అక్కడి హోం శాఖ విభాగం) వాళ్ళు వచ్చి స్టాఫ్ అందరి వివరాలూ రాసుకున్నారు. అందులో ఇద్దరి దగ్గర తేడా ఉందట. ఒకడు ఎంఎస్సీ స్టూడెంట్, టర్మ్ నడుస్తుండగా వారానికి 20 గంటలు దాటి పనిచేశాడని. మా దగ్గర చేసింది 16 గంటలే, మిగతావి ఏదో వేర్‌హౌస్‌లో చేశాడు. రెండోవాడికి యూనివర్సిటీ స్పాన్సర్‌షిప్ తీసేసింది, వీసా మధ్యలోనే ఆగిపోయింది.

ఇప్పుడు రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటివాడి విషయంలో 45,000 పౌండ్ల సివిల్ పెనాల్టీ. రెండోవాడి విషయంలో బావగారు ఇంటర్వ్యూకి రావాలి, ‘అండర్ కాషన్’ అని రాశారు, అంటే చెప్పే మాటలు కోర్టులో సాక్ష్యంగా వాడవచ్చని హెచ్చరించి అడిగే ప్రశ్నలట. క్రిమినల్ కేసు పెడతారేమోనని అక్క అన్నం మానేసి కూర్చుంది.

హైదరాబాద్‌లో మా పెద్దనాన్న కొడుకు అడ్వకేట్. "హైకోర్టులో క్వాష్ (కేసు కొట్టేయమనే పిటిషన్) వేసేయండి, అక్కడా అంతేలే" అంటున్నాడు. నిజంగా కుదురుతుందా? ఎవరైనా అలా చేసి గెలిచారా?

గోదావరి_గట్టు

ముందు అక్కని భోజనం చేయమనండి. తర్వాత కోర్టు సంగతి.

ఈస్ట్‌హామ్_ఇడ్లీ

బ్రదర్, మేమూ హోటల్ వాళ్ళమే. మన వాళ్ళ కిచెన్లంటే వీళ్ళకి అలుసైపోయింది. పెద్ద పెద్ద చెయిన్ల జోలికి పోరు. 2016లో ఒక పెద్ద బర్గర్ చెయిన్‌లో ఒకేసారి 35 మందిని పట్టుకున్నారు, కంపెనీ మీద ఈగ కూడా వాలలేదు. కోర్టుకు వెళ్ళాల్సిందే. వివక్ష అని వేయండి.

పేరోల్_పద్మ

ఇడ్లీ గారూ, బైరన్ సంగతేగా మీరు చెప్పేది? వాళ్ళ మీద పెనాల్టీ పడకపోవడానికి కారణం ఉంది. అందరి కాగితాలూ ముందే పద్ధతిగా చెక్ చేసి పెట్టుకున్నారు. వాళ్ళకు చూపించిన కాగితాలే దొంగవి. స్టాఫ్‌ని మీటింగ్ అని పిలిచి పట్టించిన తీరు నాకూ నచ్చలేదు, అది వేరే గొడవ. చెక్ చేసిన యజమానిని చట్టం వదిలేస్తుంది అనడానికి మాత్రం అది మంచి ఉదాహరణే.

బావమరిది గారూ, నేను లాయర్ని కాదు, హెచ్‌ఆర్, పేరోల్ చూస్తాను. ఒకే ఒక్క ప్రశ్న. సివిల్ పెనాల్టీ నోటీసు మీద తేదీ ఏముంది? అభ్యంతరం చెప్పడానికి 28 రోజులే టైం. అందరూ హైకోర్టు హైకోర్టు అంటుంటే అది కాస్తా దాటిపోతుంది.

హైకోర్టు_గుమాస్తా

నమస్తే. నేను హైదరాబాద్‌లో క్రిమినల్ సైడ్ ఒక సీనియర్ గారి దగ్గర పనిచేస్తున్నా. మీ అన్నగారు చెప్పింది మన దగ్గర రోజూ జరిగేదే. ఎఫ్‌ఐఆర్ పడితే సెక్షన్ 482 కింద పిటిషన్ వేసేవాళ్ళం, ఇప్పుడు కొత్త చట్టంలో అది 528 అయింది. భజన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఏడు రకాల సందర్భాలు చెప్పింది, వాటిలో ఏదో ఒకదాంట్లో ఇరికించి వాదిస్తాం. కొట్టేయకపోయినా అరెస్టు చేయొద్దని మధ్యంతర ఉత్తర్వు దొరికితే క్లయింట్‌కి ఊపిరి ఆడుతుంది. ఇంగ్లండ్ నుంచే కదా మన న్యాయవ్యవస్థ వచ్చింది, అక్కడా ఇలాంటిది ఉండే ఉంటుంది.

నల్లకోటు

మాంచెస్టర్‌లో క్రిమినల్ డిఫెన్స్ చేస్తాను. ఇది సలహా కాదు, సమాచారం మాత్రమే. మీ బావగారి కాగితాలు నేను చూడలేదు.

గుమాస్తా గారు అన్నట్టు వ్యవస్థ ఇక్కడి నుంచే వచ్చింది. కానీ ఆ తలుపు ఇక్కడ దాదాపు మూసే ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ దశలో హైకోర్టుకు వెళ్ళి కేసు కొట్టేయించుకునే పద్ధతి ఇంగ్లండ్‌లో లేదు. ఉన్నది జ్యుడీషియల్ రివ్యూ, అంటే ప్రభుత్వ సంస్థ నిర్ణయం చట్టప్రకారం ఉందా అని హైకోర్టు చూడటం. అది కూడా ‘ప్రాసిక్యూట్ చేయాలి’ అని తీసుకున్న నిర్ణయం మీద. మీ బావగారి విషయంలో ఆ నిర్ణయం ఇంకా ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు నడుస్తున్నది దర్యాప్తు. ఇమిగ్రేషన్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్ళు దర్యాప్తు చేసి ఫైలు క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీసుకు, అంటే సీపీఎస్‌కు పంపుతారు. చార్జ్ పెట్టాలా వద్దా అన్నది సీపీఎస్ చూస్తుంది. వాళ్ళు రెండు మెట్లు ఎక్కాలి: ఈ సాక్ష్యంతో శిక్ష పడే అవకాశం పడకపోయే అవకాశం కన్నా ఎక్కువ ఉందా, కేసు పెట్టడం ప్రజా ప్రయోజనమా.

ఆ రెండూ అయ్యాక చార్జ్ పెడితే, దాన్ని హైకోర్టులో సవాలు చేయవచ్చా? సిద్ధాంతంగా చేయవచ్చు. ఆచరణలో దాదాపు ఎప్పుడూ పర్మిషన్ దశలోనే, అంటే కేసు వినాలా వద్దా అని చూసే మొదటి మెట్టులోనే, వెనక్కి పంపేస్తారు. 1999లో కెబిలెన్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పటి అత్యున్నత కోర్టు) స్పష్టంగా చెప్పింది: నిజాయితీ లేకపోవడం, దురుద్దేశం, లేదా మరేదైనా అసాధారణ పరిస్థితి ఉంటే తప్ప ఆ నిర్ణయంలో వేలు పెట్టం అని. అది టెర్రరిజం చట్టం కింద కేసు. కింద డివిజనల్ కోర్టులో (హైకోర్టు బెంచ్) నిందితులే గెలిచారు. పైకి వెళ్ళాక తిరగబడింది.

కారణం మామూలే. నిందితుడు చెప్పదలుచుకున్నదంతా చెప్పుకోవడానికి క్రిమినల్ కోర్టు ఎలాగూ ఉంది. ప్రతివాడూ ముందు హైకోర్టుకు పోతే విచారణలు మొదలే కావు.

బావమరిది_మిడ్‌లాండ్స్

థాంక్యూ నల్లకోటు గారూ. అయితే దారి లేనట్టేనా? నోటీసు తేదీ చూశా పద్మ గారూ, ఇంకా టైం ఉంది కానీ ఎక్కువ లేదు.

ఈస్ట్‌హామ్_ఇడ్లీ

నల్లకోటు గారూ, మా వీధి చివర ఇంకో హోటలాయన. ఆయన దగ్గర ఒకరు కాదు, నలుగురు దొరికారు. ఫైన్ కట్టి బయటపడ్డాడు. ఈయనకు మాత్రం క్రిమినల్ ఏంటి? అలా ఒకరికి ఒక న్యాయం, ఇంకొకరికి ఇంకో న్యాయం చేయొచ్చా? ఇది పట్టుకుని హైకోర్టుకు వెళ్ళకూడదా?

నల్లకోటు

చాలామంది క్లయింట్లు మొదట అడిగేది ఇదే. జవాబు 1990ల్లోనే వచ్చేసింది. ఇన్‌ల్యాండ్ రెవెన్యూ (అప్పటి పన్నుల శాఖ) మీద మీడ్ అనే కేసు. పన్ను ఎగ్గొట్టారని కొందరి మీద క్రిమినల్ కేసు పెట్టారు, అలాంటి పనే చేసిన మరికొందరి దగ్గర డబ్బు కట్టించుకుని వదిలేశారు. మా మీదే ఎందుకు అని వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. మైనర్ల మీదే కాదు, వయోజనుల మీద ప్రాసిక్యూషన్ నిర్ణయాన్ని కూడా సమీక్షించే అధికారం తమకు ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ కొందరిని ఎంచుకుని ప్రాసిక్యూట్ చేసి, మిగతా వాళ్ళ దగ్గర డబ్బు వసూలు చేసే విధానంలో తప్పేమీ లేదంది. కేసు ఓడిపోయారు.

ఇల్లీగల్ వర్కింగ్ చట్టం మొత్తం ఈ ఎంపిక మీదే నడుస్తుంది. 1996 చట్టంలో సివిల్ పెనాల్టీ లేదు, క్రిమినల్ నేరమే. కేసులు పెట్టడం కష్టమై చాలా తక్కువ మందికి శిక్షలు పడ్డాయి. అందుకే 2006 చట్టం తెచ్చి, 2008 ఫిబ్రవరి 29 నుంచి రెండు దారులు చేశారు. సెక్షన్ 15 కింద జరిమానా, సెక్షన్ 21 కింద నేరం. మొదట్లో నేరం రుజువు కావాలంటే యజమానికి ‘తెలిసి’ ఉండాలి. 2016 జులై నుంచి ‘నమ్మడానికి సహేతుకమైన కారణం ఉన్నా’ చాలు. గరిష్ఠ శిక్ష రెండేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. ఈ మార్పులు తెచ్చిన 2016 ఇమిగ్రేషన్ చట్టంతోనే పని చేసిన వాడికీ వేరే నేరం పెట్టారు.

అంటే ఇడ్లీ గారూ, మీ వీధి చివరాయనకు తెలియకపోయి ఉండొచ్చు. లెక్క మనుషుల సంఖ్య ఒక్కటే కాదు, యజమాని మనసులో ఏముందన్నది.

గోదావరి_గట్టు

మనసులో ఏముందో మా ఆవిడే కనిపెట్టలేకపోతోంది, హోమ్ ఆఫీసు వాళ్ళు ఎలా కనిపెడతారండీ?

నల్లకోటు

ఫోన్లో చూసి.

బావమరిది_మిడ్‌లాండ్స్

ఆ మాట వినగానే గుండె జారింది. రెండోవాడు మా మేనేజర్‌కి వాట్సాప్‌లో [ఈ భాగం మోడరేటర్ తొలగించారు]. బావగారికి మాత్రం ఆ మెసేజ్ సంగతి తెలియదు. నిజంగా తెలియదు. ఆయన ఆ నెల ఇండియాలో ఉన్నారు.

మోడరేటర్

బావమరిది గారూ, మెసేజ్‌లో ఏముందో తీసేశాను. ఇది గూగుల్‌లో దొరికే ఫోరం. నడుస్తున్న దర్యాప్తులో సాక్ష్యం కాగల విషయాలు దయచేసి ఇక్కడ పెట్టకండి. అన్ని థ్రెడ్లకూ ఇదే రూల్.

నల్లకోటు

మోడరేటర్ గారు చేసింది సరైన పని. బావమరిది గారూ, ఆ విషయం మీ సాలిసిటర్‌కు తప్ప ఇంకెవరికీ చెప్పకండి. ఇంకో మాట: ఆ ఫోన్లో ఏదీ డిలీట్ చేయొద్దని మేనేజర్‌కి చెప్పండి. డిలీట్ చేస్తే ఉన్న సమస్య పోదు, కొత్తది వచ్చి చేరుతుంది, రెండోది మొదటి దానికన్నా పెద్దది.

సెక్షన్ 22 గురించి జనరల్‌గా చెప్తాను, మీ కేసు గురించి కాదు. వ్యాపారం కంపెనీ పేరు మీద ఉంటే, ఉద్యోగానికి సంబంధించిన ఏ బాధ్యత అయినా చూసే మనిషికి విషయం తెలిస్తే కంపెనీకి తెలిసినట్టే. షిఫ్టులు వేసే మేనేజర్ కూడా అందులోకి రావచ్చు. డైరెక్టర్ మీద వ్యక్తిగతంగా కేసు రావాలంటే ఆయన అంగీకారం ఉండాలి, లేదా చూసీ చూడనట్టు వదిలేసి ఉండాలి. కంపెనీ వేరు, డైరెక్టర్ వేరు. లాయర్ మొదట అడగాల్సిన ప్రశ్న అదే. సొంత పేరు మీద వ్యాపారమైతే లెక్క మళ్ళీ మారిపోతుంది.

హైకోర్టు_గుమాస్తా

నల్లకోటు గారూ, ఒక సందేహం. ఇంగ్లండ్‌లో ఇలా సవాలు చేసి నెగ్గిన వాళ్ళు అసలు ఎవరూ లేరా? మా సారు అడుగుతున్నారు.

నల్లకోటు

ఉన్నారు, యజమానుల కేసుల్లో కాదు. 2011లో ఒక 14 ఏళ్ళ అమ్మాయి మీద కేసు పెట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. కేసు నడిస్తే ఆ పిల్లకీ, ఇంట్లో మిగతా పిల్లలకీ ఎంత నష్టమో చెబుతూ నిపుణుల బృందం నివేదిక ఇచ్చింది. సొంత మార్గదర్శకాల ప్రకారం దాన్ని పట్టించుకోవలసిన ప్రాసిక్యూటర్ సరిగా పట్టించుకోలేదు. అలాంటిది ఉంటే కోర్టు వింటుంది.

దీనికి దగ్గర విషయం కావాలంటే 2004 నాటి పెపుషి కేసు చూపించండి మీ సారుకి. దొంగ పాస్‌పోర్టుతో ప్రయాణిస్తూ దొరికిన శరణార్థి. శరణార్థుల ఒప్పందం ప్రకారం నన్ను ప్రాసిక్యూట్ చేయకూడదు అని హైకోర్టుకు వెళ్ళాడు. అలాంటి సమీక్ష చాలా చాలా అరుదుగానే ఉండాలి, ఆ వాదన క్రిమినల్ కోర్టులోనే చెప్పుకో అన్నారు.

కేసు క్రౌన్ కోర్టుకు (పెద్ద నేరాలను జ్యూరీతో విచారించే కోర్టు) చేరాక ఇంకో గోడ అడ్డం వస్తుంది. జ్యూరీ విచారణకు సంబంధించిన విషయాల్లో క్రౌన్ కోర్టు ఇచ్చే ఉత్తర్వుల మీద జ్యుడీషియల్ రివ్యూ కుదరదని 1981 చట్టం సెక్షన్ 29(3) చెబుతుంది. ఇక ఖర్చు. ఓడితే మామూలుగా అవతలి వాళ్ళ లాయర్ ఫీజులో పెద్ద వాటా కూడా మనమే కట్టాలి. హైదరాబాద్‌లో క్వాష్ పిటిషన్ ఖర్చుతో పోల్చుకోకండి.

పేరోల్_పద్మ

నేను మళ్ళీ మొదటి స్టూడెంట్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే అక్కడ గెలిచే అవకాశం కనిపిస్తోంది.

బావమరిది గారూ, ఇవి వెతకండి. ఆ అబ్బాయి చేరిన రోజుకు ముందు షేర్ కోడ్‌తో (పనిచేసే హక్కు చూపించడానికి ఉద్యోగి ఇచ్చే ఆన్‌లైన్ కోడ్) ఆన్‌లైన్ చెక్ చేసిన పేజీ, మీద తేదీ ఉండాలి. యూనివర్సిటీ టర్మ్ తేదీలు చూపించే కాగితం, ఇది చాలామంది తీసుకోరు. మీ దగ్గర వేసిన షిఫ్టుల రోటా, పేస్లిప్పులు. 20 గంటల పరిమితి అన్ని ఉద్యోగాలూ కలిపి లెక్క. కానీ బయట ఇంకోచోట చేస్తున్నాడని మీకు తెలియకపోతే, మీ చెక్ సరిగా ఉంటే, చట్టం ఇచ్చే రక్షణ మీకు దొరకాలి.

ఒక్క జాగ్రత్త. ఎంఎస్సీ వాళ్ళకు వేసవి సెలవులు ఉండవు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా డిసర్టేషన్ రాసే కాలం కూడా టర్మ్ కిందే లెక్క. డిగ్రీ పిల్లల్లాగా వీళ్ళకీ సమ్మర్‌లో ఫుల్‌టైం వేయొచ్చనుకుని మన హోటళ్ళ వాళ్ళు పొరపాటు పడుతుంటారు. రోటాలో అలాంటివి ఉన్నాయేమో చూసుకోండి.

శ్రావ్య_ఎంఎస్సీ

నేను మాట్లాడొచ్చా? ఇక్కడ అందరూ ఓనర్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు.

నేనూ ఒక హోటల్‌లో చేశాను, పేరు చెప్పను. పేస్లిప్‌లో 20 గంటలు చూపించి మిగతావి క్యాష్ అన్నారు. ఆ క్యాష్ గంటకు ఎంతో చెబితే నవ్వుతారు. కనీస వేతనం 12 పౌండ్లు దాటి ఉందని అడిగితే, "నీ గంటలు దాటాయని హోమ్ ఆఫీసుకు చెప్పమంటావా" అని. తప్పు ఇద్దరిదీ అనుకుందాం. పట్టుబడ్డాక మాకు వీసా పోతుంది, ఇంటికి పంపేస్తారు, గుంటూరులో నాన్న తెచ్చిన అప్పు అలాగే ఉంటుంది. ఓనర్‌కి అభ్యంతరం, అప్పీలు, హైకోర్టు అన్నీ ఉన్నాయి. మాకేముంది?

ఈస్ట్‌హామ్_ఇడ్లీ

అమ్మా, ఓనర్లందరూ అలా ఉండరు. మా దగ్గర క్యాష్ లేదు.

నల్లకోటు

శ్రావ్య గారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. పూర్తిగా ఏమీ లేదని మాత్రం అనుకోకండి. 2019లో అప్పీల్ కోర్టు ఒక ఇంటిపనిమనిషి కేసులో తీర్పు ఇచ్చింది. ఆమె మలావి నుంచి వచ్చింది. వీసా గడువు అయిపోయింది, యజమానురాలు పొడిగింపు చూసుకుంటున్నానని నమ్మబలికింది. తర్వాత పనిలోంచి తీసేస్తే జీతం బకాయిలు అడిగింది. నీ దగ్గర చేసిందే చట్టవిరుద్ధం కాబట్టి ఒప్పందం చెల్లదు అని యజమాని వాదన. సెక్షన్ 15, 21 పెట్టింది యజమానిని శిక్షించడానికే, తెలియక చేసిన పనిమనిషి జీతం ఎగ్గొట్టడానికి కాదు అని కోర్టు అంది. అయితే అక్కడ ఆమెకు తెలియదు. తెలిసి చేసిన వాళ్ళకు ఆ తీర్పు అంత సాయపడదు. 2016 చట్టం ప్రకారం అలా సంపాదించిన జీతాన్ని నేరపు సొమ్ముగా లాక్కునే వీలు కూడా ఉంది.

మీ సొంత పరిస్థితి ఇక్కడ ఇంతకుమించి రాయకండి. మీ యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో సలహా ఇచ్చేవాళ్ళుంటారు, ముందు వాళ్ళని కలవండి.

డాలస్_బాబాయ్

ఆసక్తిగా చదువుతున్నా. అమెరికాలో 1986 చట్టంతో, ఉద్యోగికి పనిచేసే హక్కు ఉందో లేదో చూసే ఐ-9 ఫారం వచ్చింది. ఎక్కువ కేసులు ఫైన్లతోనే పోతాయి, అలవాటుగా చేస్తే క్రిమినల్. ‘నన్నే ఎంచుకున్నారు’ అనే వాదన ఇక్కడా అంతే. 1996లో ఆర్మ్‌స్ట్రాంగ్ కేసులో సుప్రీంకోర్టు, నీలాంటి పరిస్థితిలోనే ఉన్న వేరే జాతి వాళ్ళని వదిలేశారని చూపించు, అప్పుడే ప్రభుత్వం దగ్గర కాగితాలు అడగనిస్తాం అంది. అది చూపించాలంటే ఆ కాగితాలే కావాలి మరి!

మోడరేటర్

బాబాయ్ గారూ, అమెరికా సంగతులకు వేరే విభాగం ఉంది. దయచేసి ఇంగ్లండ్ దాటకండి. (స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్ళకు: అక్కడ ప్రాసిక్యూషన్ సీపీఎస్ చేతిలో ఉండదు, సివిల్ పెనాల్టీ అప్పీలు షెరిఫ్ (అక్కడి స్థానిక జడ్జి) దగ్గరికి వెళ్తుంది.)

గోదావరి_గట్టు

కాస్త గాసిప్. ఈ 2006 చట్టం వచ్చినప్పుడు హోమ్ ఆఫీసు మంత్రుల్లో ఒకరు బారోనెస్ స్కాట్లండ్. తర్వాత ఆవిడే అటార్నీ జనరల్ అయ్యారు, అంటే సీపీఎస్ మీద పర్యవేక్షణ ఆవిడదే. 2009లో ఆవిడ ఇంట్లో పనిచేసే మనిషికే పనిచేసే హక్కు లేదని తేలింది. కాగితాలు చూశాను అన్నారు, కాపీ తీసి పెట్టుకోలేదు. 5,000 పౌండ్ల పెనాల్టీ కట్టారు, పదవి పోలేదు. 2014లో ఇమిగ్రేషన్ మంత్రి మార్క్ హార్పర్ ఇంటి క్లీనర్ విషయంలో ఇలాగే అయితే ఆయన రాజీనామా చేశాడు. చట్టం రాసిన వాళ్ళే జిరాక్స్ తీసుకోవడం మర్చిపోతే మన బావగారు ఎంత!

పేరోల్_పద్మ

గట్టు గారి గాసిప్‌లో కూడా పాయింట్ కాపీ దగ్గరే ఉంది చూడండి. ఉద్యోగంలో ఉన్నంత కాలం, వెళ్ళిపోయాక ఇంకో రెండేళ్ళు దాచాలి.

బావమరిది_మిడ్‌లాండ్స్

పద్మ గారూ! షేర్ కోడ్ పేజీ ప్రింట్ ఫైల్లో ఉంది, తేదీతో సహా. టర్మ్ తేదీల కాగితం లేదనే అనుకున్నాం. అక్క పాత ఈమెయిల్స్ అన్నీ తిరగేసింది. ఆ అబ్బాయి చేరే ముందే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోని అకడమిక్ క్యాలెండర్ పంపించాడు, ఆఫీసు మెయిల్‌లో ఉంది. రోటాలో మా దగ్గర ఎప్పుడూ 16 గంటలు దాటలేదు.

ఇది హైకోర్టుకు పనికొస్తుందా?

నల్లకోటు

మళ్ళీ హైకోర్టేనా! :)

పనికొచ్చేది అభ్యంతరం దగ్గర, అది తేలకపోతే కౌంటీ కోర్టులో (స్థానిక సివిల్ కోర్టు). మీవాళ్ళు పట్టించుకోని తలుపు ఇదే. సివిల్ పెనాల్టీ మీద ముందు హోమ్ ఆఫీసుకే అభ్యంతరం రాయాలి, 28 రోజుల్లో. మూడు కారణాలు చెప్పవచ్చు: నాకు బాధ్యతే లేదు, నాకు చట్టపరమైన రక్షణ ఉంది, మొత్తం ఎక్కువ. వాళ్ళు రద్దు చేయవచ్చు, తగ్గించవచ్చు, పెంచే అధికారం కూడా ఉంది, అది గుర్తుంచుకోండి. అక్కడ ఓడితే మళ్ళీ 28 రోజుల్లో కౌంటీ కోర్టుకు. అభ్యంతరం చెప్పకుండా నేరుగా అప్పీలుకు వెళ్ళలేరు.

కౌంటీ కోర్టు అప్పీలు జ్యుడీషియల్ రివ్యూ లాంటిది కాదు. హైకోర్టు అయితే నిర్ణయం చట్టప్రకారం తీసుకున్నారా లేదా అన్నంత వరకే చూస్తుంది. కౌంటీ కోర్టు మొత్తం మొదటి నుంచి వింటుంది. హోమ్ ఆఫీసు చూడని కాగితం కూడా అక్కడ పెట్టవచ్చు. ఆ అకడమిక్ క్యాలెండర్ ఈమెయిల్ లాంటిది జడ్జి స్వయంగా చదివి ఎవరు నిజమో తేలుస్తారు. అంత బలమైన హక్కు చేతిలో పెట్టుకుని, గెలవని హైకోర్టు వెంట పడటం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

21 రోజుల్లో కట్టేస్తే 30 శాతం తగ్గింపు ఉంటుంది మొదటిసారి వాళ్ళకు, అంటే 45,000 కాస్తా 31,500 అవుతుంది. భయంతో చాలామంది అదే చేస్తారు. కడితే క్రిమినల్ వైపు ఊరుకుంటారని మాత్రం చట్టంలో ఎక్కడా రాసిలేదు. కట్టాలా పోరాడాలా అన్నది ఆ రెండు కాగితాలు లాయర్‌కు చూపించాక తేల్చుకోండి.

క్రిమినల్ వైపు: ఇంటర్వ్యూకి ఒంటరిగా వెళ్ళొద్దు. "తప్పు చేయలేదు కదా, వెళ్ళి చెప్పేస్తా" అని వెళ్ళినవాళ్ళే ఎక్కువ చెడిపోతారు. జవాబులు చెప్పాలా, రాసిన స్టేట్‌మెంట్ ఇవ్వాలా, మౌనంగా ఉండాలా అన్నది సాలిసిటర్ నిర్ణయం. చార్జ్ పెట్టకముందే సీపీఎస్‌కు లిఖితపూర్వకంగా మన వాదన పంపవచ్చు. చార్జ్ అయ్యాక కూడా పంపవచ్చు, 1985 చట్టం ప్రకారం కేసును మధ్యలో ఆపేసే అధికారం వాళ్ళకు ఉంది. అది కుదరకపోతే క్రౌన్ కోర్టులో సాక్ష్యం చాలదని డిస్మిస్ చేయమని అడగవచ్చు. విచారణే అన్యాయం అనిపించేంత తప్పు ప్రాసిక్యూషన్ చేసి ఉంటే ప్రక్రియ దుర్వినియోగం కింద ఆపమనవచ్చు. ప్రాసిక్యూషన్ సాక్షులు అయిపోగానే కేసు లేదని అడగవచ్చు. ఈ చివరి మూడూ అదే కోర్టులోనే.

హైకోర్టు_గుమాస్తా

అర్థమైంది సర్. మన దగ్గర చార్జిషీటుకు ముందు పైకోర్టులో చేసే పోరాటం, అక్కడ చార్జ్‌కు ముందు ప్రాసిక్యూటర్ ముందే చేయాలన్నమాట. మా సారు మాత్రం ఒప్పుకోవడం లేదు. "రిట్ లేని ఇంగ్లండ్ ఏంటయ్యా" అంటున్నారు.

ఈస్ట్‌హామ్_ఇడ్లీ

క్రిమినల్ కేసు పెట్టకపోతే అంతా అయిపోయినట్టేగా? లైసెన్స్ వగైరా సేఫ్?

నల్లకోటు

కాదు. బీరు, వైన్ అమ్మే లైసెన్స్ ఉంటే కౌన్సిల్‌లో వేరే గొడవ. లింకన్‌షైర్‌లో ఒక రెస్టారెంట్ కేసు ఉంది, ఈస్ట్ లిండ్సే కౌన్సిల్‌ది. పనిచేసే హక్కు లేని మనిషి దొరికాడు, సివిల్ పెనాల్టీ వేశారు, ప్రాసిక్యూట్ చేయలేదు. కౌన్సిల్ మద్యం లైసెన్స్ రద్దు చేసింది. క్రిమినల్ కేసే లేనప్పుడు రద్దు ఎలా చేస్తారని కింది కోర్టులో యజమాని గెలిచాడు. 2016లో హైకోర్టు తిరగేసింది. నేరాన్ని అరికట్టడం అంటే జరగబోయేది చూడటం, శిక్ష పడిందా లేదా అన్నది షరతు కాదు అంది. జీతం క్యాష్‌లో, కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చారన్న సంగతి కూడా అక్కడ బలంగా పనిచేసింది. శ్రావ్య గారు చెప్పినదే.

అదీ కాక, వరసగా పట్టుబడే షాపులను 48 గంటల దాకా మూయించే నోటీసు 2016 చట్టంలో ఉంది. లైసెన్స్ ఉంటే ఆ సంగతి కూడా మీ సాలిసిటర్‌కు ముందే చెప్పండి, బావమరిది గారూ.

పేరోల్_పద్మ

ఇది చదివి రేపటి నుంచి "తెలుగు స్టూడెంట్స్ వద్దు" అని బోర్డు పెట్టకండి ఎవరూ. మనిషిని చూసి, యాస విని కాగితాలు అడిగినా, ఉద్యోగం ఇవ్వకపోయినా ఈక్వాలిటీ చట్టం కింద వేరే కేసు. అందరినీ ఒకేలా చెక్ చేయాలి, తెల్లవాళ్ళని కూడా.

ఈస్ట్‌హామ్_ఇడ్లీ

డెలివరీ కుర్రాళ్ళ సంగతేంటి? వాళ్ళు మన స్టాఫ్ కాదుగా, యాప్ వాళ్ళు.

పేరోల్_పద్మ

గిగ్ వర్కర్లను వాడే కంపెనీలకు కూడా ఈ చెక్కులు తప్పనిసరి చేస్తామని 2025 మార్చిలో ప్రభుత్వం ప్రకటించింది. యాప్‌ల ద్వారా కాకుండా మీరే నేరుగా పెట్టుకునే డ్రైవర్లుంటే ఇప్పటి నుంచే చెక్ చేసి పెట్టుకోండి.

బావమరిది_మిడ్‌లాండ్స్

అప్డేట్. మిడ్‌లాండ్స్‌లోనే ఒక సాలిసిటర్‌ని పెట్టుకున్నాం. సివిల్ అభ్యంతరం ఈమెయిల్‌లో, పోస్టులో రెండు విధాలా పంపేశారు, షేర్ కోడ్ పేజీ, క్యాలెండర్ ఈమెయిల్, రోటా జతచేసి. ఇంటర్వ్యూ తేదీ వెనక్కి జరిపించారు. జ్యుడీషియల్ రివ్యూ గురించి అడిగితే ఆవిడ నవ్వి, "ఇంతకీ ఏ నిర్ణయం మీద వేద్దాం?" అన్నారు. అక్క భోజనం చేస్తోంది.

ఆవిడ చెప్పిన ఇంకో మాట, నేను ఈ కేసు గురించి ఇక్కడ ఇక రాయకూడదు. అందరికీ థాంక్స్. నల్లకోటు గారికి, పద్మ గారికి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

శ్రావ్య_ఎంఎస్సీ

బావగారి కేసు ఏమైనా కానీ, ఆ రెండో అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడు? ఎవరైనా లాయర్‌ని చూపించారా అతనికి?

బావమరిది_మిడ్‌లాండ్స్

ప్రైవేట్ మెసేజ్ పెడతాను శ్రావ్య గారూ.

మోడరేటర్

అసలు ప్రశ్నకు జవాబు వచ్చింది, కేసు దర్యాప్తులో ఉంది కాబట్టి ఈ థ్రెడ్ లాక్ చేస్తున్నాను. ఈవీసా, షేర్ కోడ్ సందేహాలకు పద్మ గారు కొత్త థ్రెడ్ మొదలుపెట్టారు, అక్కడ అడగండి.